చేటెడు తవుడు, రెండు రిపోర్టులు

బొగ్గు గనుల ప్రయోగశాలలో నా ఉద్యోగమంతా బూడిద చుట్టూనే గడిచింది. వ్యాగన్లలోని బొగ్గు నుంచి నమూనా తీయడం, నూరడం, కాల్చడం, మిగిలిన బూడిదను తూచి శాతం వేయడం, ఇదే పని. కొనేవాళ్ళ ప్రయోగశాలలోనూ ఇదే జరిగేది. అయినా ఒకే వ్యాగన్ బొగ్గుకు మా శాతం ఒకటి వస్తే వాళ్ళ శాతం ఇంకొకటి వచ్చేది. కొత్తలో ఎవరో ఒకరు తప్పు చేశారని అనుకునేవాణ్ణి. ఇద్దరూ సరిగ్గా చేసినా రెండు అంకెలు రావచ్చన్న సంగతి తలకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. రిటైరయ్యాక ఆ జ్ఞానంతో ఇక అవసరం ఉండదనుకున్నాను. కానీ మా అక్క కోసం దాన్ని మళ్ళీ బయటికి తీయాల్సి వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన మొదటి పదేళ్ళు ముగింపుకొస్తున్న రోజులవి. నేను మణుగూరులోనే స్థిరపడ్డాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్క తిరుమలాయపాలెం దగ్గర అత్తగారి ఊళ్ళో వ్యవసాయం చూసుకునేది. ఆమె కూతురు హైదరాబాదులో విత్తనాల కంపెనీలో పనిచేసేది. ఏ పత్తి విత్తనం ఏ రకం నుంచి పుట్టిందో డీఎన్ఏ చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. విత్తనాలకు చేసే ఈ పరీక్షను విదేశాల్లో మనుషులకు కూడా చేస్తున్నారనీ, ఇంట్లోనే బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పోస్టులో పంపితే మన పూర్వీకులు ఎక్కడెక్కడివాళ్ళో శాతాల్లో రాసి పంపుతారనీ ఆమె ఒకసారి చెప్పింది. శాతాలు అనగానే నాకు ఆసక్తి పుట్టింది. అది గమనించి నాకొకటి, వాళ్ళమ్మకొకటి తెప్పించింది.

అక్క మా ఇంటికి వచ్చినప్పుడు వరండాలో కూర్చుని ఇద్దరం బుగ్గలు రుద్దుకున్నాం. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదని నిబంధన. అక్కకు నోట్లో వక్కపలుకు లేకపోతే మాట కూడా రాదు. ఆ అరగంటా నన్ను తిడుతూనే ఉంది. బూడిద చూసుకుంటూ బతికినోడికి ఇప్పుడు మనుషుల ఉమ్ము కావాల్సి వచ్చిందని మా ఆవిడతో చెప్పి నవ్వింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది రెండే మాటలు: నమూనాలు పంపాం, అక్క హుషారుగా ఉంది.

రిపోర్టులు వచ్చేసరికి వానాకాలం వచ్చేసింది. మేనకోడలు రెండింటినీ అచ్చువేయించి తెచ్చింది. ఒక్కో కాగితం మీద నాలుగు గడులున్నాయి. యూరప్, ఆఫ్రికా, తూర్పు ఆసియా, అమెరికా ఆదివాసులు. మన దేశం పేరు ఎక్కడా లేదు. నా కాగితంలో సగానికి పైగా యూరప్, మూడోవంతు దాకా తూర్పు ఆసియా, కాస్త అమెరికా ఆదివాసి, ఆనవాలుకి కొంచెం ఆఫ్రికా ఉన్నాయి. మా తాతలు గోదావరి దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళడమే గొప్ప ప్రయాణంగా చెప్పుకునేవాళ్ళు.

"అమెరికా అడివోళ్ళు మనింటికి ఎప్పుడొచ్చిన్రురా తమ్మీ? పినపాక సంతకు గిట్ల వచ్చి దారి తప్పిన్రా ఏంది?" అంది అక్క.

అందరం నవ్వాం. తరువాత ఆమె తన కాగితం పట్టుకుని కళ్ళద్దాలు సర్దుకుంది. ఆమెకు యూరప్ సగానికి తక్కువ, తూర్పు ఆసియా దాదాపు సగం ఉన్నాయి. అమెరికా గడిలో సున్నా. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి, ఒక గడి మీద ఒక వేలు, దానికి ఎదురుగా ఉన్న గడి మీద ఇంకో వేలు పెట్టి, కిందికి జరుపుతూ చూసింది. ఒక్క వరుసలోనూ అంకెలు కలవలేదు. కాగితాలు మడిచి బల్ల మీద పెట్టి, బియ్యం ఏరాలంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు అప్పుడు తట్టలేదు. మూడో రోజు ఊరికి బయలుదేరే ముందు స్నానాల గదిలోంచి చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆమె చేతులకు కడియాలు లేవు. అవి మా అమ్మవి, లావుపాటి వెండి కడియాలు. అమ్మ పోయేముందు తన చేతుల్తో అక్కకు తొడిగింది. సబ్బు రుద్ది, చర్మం కమిలేలా లాగి, వాటిని తీసి రుమాల్లో చుట్టింది. ఆ మూట మా ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇవి అమ్మ రక్తానికి చెందాలె మరదలా. మీ బిడ్డకు పెట్టున్రి. నన్ను తవుడుకు కొన్నరన్నది ఉత్త ముచ్చట కాదని కాగితంల పడ్డది."

అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు పిల్లలు మారాం చేస్తే పెద్దలు అనే మాట ఒకటుంది, నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నామని. అందరిళ్ళలోనూ అనేదే. పినపాక దగ్గరి ఊళ్ళో మేము పెరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అక్కకొక్కదానికే దక్కింది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్మే కోయామెకు చేటెడు తవుడు పోసి తెచ్చామని నాయనమ్మ అనేది, పక్కింటివాళ్ళు అనేవాళ్ళు. నన్నెవరూ అనలేదు. అక్క ఏడ్చుకుంటూ అమ్మ దగ్గరికి పోయేది. నువ్వు నా బిడ్డవే అని ఒక్కసారి చెప్పమని కొంగు పట్టుకుని వేలాడేది. అమ్మ నవ్వేది, బెల్లం ముక్క చేతిలో పెట్టేది, తలకు నూనె రాసేది. ఆ మాట మాత్రం అనేది కాదు. పెద్దయ్యాక ఇదంతా పోయిందనుకున్నాను. అరవై దాటిన మనిషి, మనవల్ని ఎత్తుకున్న మనిషి, లోపల ఇంకా ఆ కొంగు వదల్లేదని నాకేం తెలుసు.

ఆ పూట బస్సెక్కనివ్వలేదు. వంటింట్లోంచి శేరు బియ్యం, శేరు మినుములు తెచ్చి వరండాలో చాప మీద పోశాను. వ్యాగన్ బొగ్గంతా కాల్చి చూడలేం కాబట్టి మేం చేసే పద్ధతి ఒకటుంది. బొగ్గును బాగా కలిపి గోపురంలా పోస్తాం. పైన అదిమి చదును చేసి నాలుగు భాగాలు చేస్తాం. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతా రెండూ పారేస్తాం. ఉన్నదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేస్తాం. పిడికెడు మిగిలేదాకా ఇదే వరస. బియ్యం నాయన, మినుములు అమ్మ అనుకోమన్నాను అక్కతో. కలిపి, పంచి, పంచి, చివరికి ఒక పిడికెడు నా ముందు పెట్టుకున్నాను. మిగిలిందంతా మళ్ళీ ఒకటి చేసి, అదే విధంగా ఇంకో పిడికెడు ఆమె ముందు పెట్టాను. ఇద్దరం మెతుకులు లెక్కపెట్టినట్టు గింజలు లెక్కపెట్టాం. ఒక కుప్పలోంచి వచ్చిన పిడికిళ్ళే, కానీ మినుములు ఒకదాంట్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ.

నిజానికి మనిషి విషయంలో నాయన వాటా, అమ్మ వాటా సగం సగమే. మారేది ఆ సగంలోకి ఏ తాత గింజలు, ఏ అమ్మమ్మ గింజలు వచ్చి పడ్డాయన్నది. అది కూడా చెప్పాను. అక్క శ్రద్ధగా విన్నది. చదువు అయిదో తరగతితో ఆగినా లెక్కల్లో ఆమె నాకంటే చురుకు. విన్నాక చాప మీది కుప్పను చూసి, ఇవన్నీ ఇప్పుడు ఎవడు ఏరాలని అడిగింది. రాత్రికి పులగం వండుకున్నాం. కడియాల మూట మాత్రం ముట్టుకోలేదు.

గడుల సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. మన పేరే లేని కాగితం మనల్ని ఎట్లా కొలిచింది? మేనకోడలికి ఫోన్ చేసి చాలా అడిగాను. ఆ కంపెనీ దగ్గర నాలుగు చోట్ల మనుషుల నమూనాలే ఉన్నాయట. ఎవరి ఉమ్ము వచ్చినా ఆ నాలుగింట్లో దేనికి ఎంత దగ్గరో చూసి పంచేస్తుందట. నాలుగే జల్లెళ్ళు ఉన్నప్పుడు ఏ సైజు బొగ్గుపెళ్ళ వచ్చినా ఆ నాలుగింట్లోనే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అనుకున్నాను. పైగా వాళ్ళు చూసిన డీఎన్ఏ గుర్తులు కొద్దే కాబట్టి అంకెలు అటూ ఇటూ బాగా ఊగుతాయని కాగితం వెనక సన్న అక్షరాల్లో ఉందట. ముందు వైపు పెద్ద అక్షరాల్లో మాత్రం ఊగని అంకెలు వేశారు. వానలో తడిసిన బొగ్గును మేం ఆరబెట్టి తూచేవాళ్ళం, కొనేవాళ్ళు తడిగానే తూచేవాళ్ళు. ఏ పద్ధతిలో తూచారో చెప్పకుండా శాతం ఒక్కటే చెబితే గొడవ తప్పదు. ఇక్కడా అదే గొడవ.

ఇంకో కంపెనీ చేత చేయించి చూద్దామన్నది నా ఆలోచన. అక్క మొదట వద్దంది. తరువాత తనే పిలిచి, ఏమొచ్చినా దాచకుండా చెప్తావా అని అడిగింది. చెప్తానన్నాను.

రెండో రిపోర్టు పూర్తిగా వేరే మనుషులదిలా వచ్చింది. యూరప్ దాదాపు మాయమైపోయింది. అమెరికా ఆదివాసులు ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళిపోయారు. ఈ కంపెనీ దగ్గర దక్షిణాసియా అనే గడి ఉండటంతో ఇద్దరం దాదాపుగా అందులోనే పడ్డాం. మిగిలిన కొద్దిపాటిలో మాత్రం మళ్ళీ అక్కకూ నాకూ తేడా. దీంతో పాటు ఇంకో వివరం ఉంది. తల్లి నుంచి పిల్లలకు మార్పు లేకుండా దిగే గుర్తు ఒకటుందట. తల్లికి ఆమె తల్లి నుంచి, ఆమెకు ఆమె తల్లి నుంచి. దానికి ఒక అక్షరం, పక్కన ఒక అంకె. నాదీ అక్కదీ ఒకటే.

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే బస్సెక్కి తిరుమలాయపాలెం వెళ్ళాను. కాగితం చూపించి, ఇదిగో అమ్మ సంతకం అన్నాను. అక్క ఆ అక్షరాన్ని వేలితో తడిమింది.

"ఈ అచ్చరం మనిద్దరికే ఉన్నదా? ఇంకెవరికన్న ఉంటదా?"

అక్కడే నిలబడి మేనకోడలికి ఫోన్ చేశాను. మన దేశంలో ఏ మూల చూసినా కనిపించేదే మామా, చాలా పాతది అని చెప్పింది.

"అంటే అడ్డాకులమ్మే ఆమెకు కూడ ఉండొచ్చు," అంది అక్క.

ఉండొచ్చునని ఒప్పుకోక తప్పలేదు. నువ్వు నేను తోబుట్టువులమా కాదా అని సూటిగా తేల్చే పరీక్షలూ ఉన్నాయనీ, కోర్టులకు అలాంటివే చేస్తారనీ మేనకోడలు చెప్పిన మాట ఆమెకు చెప్పాను. అక్క తల అడ్డంగా తిప్పింది. చచ్చిపోయిన అమ్మను కోర్టు బోనెక్కించనంది. తరువాత తనే, చిన్నమ్మను అడుగుదామా అంది.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. భద్రాచలంలో కొడుకు దగ్గర ఉంటోంది. ఎనభై దాటింది, చెవులు మందం, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. మేం పుట్టిననాడు ఇంట్లో ఉన్నవాళ్ళలో బతికున్నది ఆమె ఒక్కతే. ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని అన్నాను. అక్క జవాబు మెల్లగా వచ్చింది. "అడిగితే చెప్తది గద. చెప్పినాక ఏం చేస్త?"

ఇద్దరం కలిసి వెళ్ళాం. చిన్నమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అక్క కూడా ఎదురుగా కూర్చుని కొన్ని కాయలు తీసుకుంది. పిల్లల సంగతులు, మోకాళ్ళ సంగతులు అయ్యాయి. కాయలన్నీ అయిపోవస్తుంటే అక్క వంగి చిన్నమ్మ చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"చిన్నమ్మా, నన్ను తవుడుకు కొన్న మాట నిజమేనా?"

చిన్నమ్మ చేతిలో కాయ ఆగింది. "నిజమే బిడ్డా. నేను చూస్తుండంగనే కొన్నరు."

అక్క మొహంలోకి చూడలేకపోయాను. చిన్నమ్మ మాత్రం తాపీగా చెప్పుకుంటూ పోయింది. అక్కకు ముందు అమ్మకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారట. నాలుగో కాన్పుకు మా నాయనమ్మ పట్టుపట్టిందట, ఈ బిడ్డ మనింట్లో పుట్టినట్టు చావుకు తెలియకూడదని. బిడ్డ పుట్టగానే చేటలో పడుకోబెట్టి గుమ్మం అవతల పెట్టారు. అడ్డాకులు తెచ్చే ఆమెను ముందే మాట్లాడి ఉంచారు. ఆమె వచ్చి, ఈ బిడ్డ నాదే అని చేట ఎత్తుకుని వాకిలి దాటి చింతచెట్టు దాకా పోయింది. తరువాత నాయనమ్మ ఎదురుపోయి, ఆ పిల్లను అమ్ముతావా అని బేరమాడి, చేటెడు తవుడు పోసి కొనుక్కొచ్చింది.

"ఆమె చంకల పసిపిల్ల ఉండె. ఉత్తగ ఎత్తుకపోతే యముడు నమ్ముతడా అని చింతచెట్టు కింద కూసోని నీకు కడుపునిండ పాలిచ్చింది. గప్పటిదాక ఏడ్చినదానివి నిద్రపోయినవ్."

పిల్లలు దక్కని ఇళ్ళలో పుట్టిన బిడ్డను అమ్మి కొనుక్కుంటారని నేను వినే ఉన్నాను. పెంటయ్యలు, తవుడమ్మలు మా చుట్టాల్లోనే ఉన్నారు. మా ఇంట్లో ఆ పేరు పెట్టలేదు కాబట్టి అది మాకు తగలదని అనుకున్నాను.

అక్క ఇంకో ప్రశ్న అడిగింది. అది చాలా చిన్న గొంతుతో అడిగితే చిన్నమ్మకు వినపడలేదు. రెండోసారి అడిగింది.

"మరి అమ్మ ఒక్కనాడన్న నా బిడ్డవే అని ఎందుకనలే?"

"అనొద్దు గద. కన్నతల్లి నోటెంట ఆ మాటొస్తే కొన్నది చెడిపోతది. నువ్వు ఏడ్చుకుంట కొంగు వట్టుకుంటే, మీ అమ్మ పెరట్లకు పోయి ఏడ్చేది. నేనే అన్న ఒకపారి, పిల్ల పెద్దదైంది గద, ఇంక చెప్పరాదే అని. ముగ్గుర్ని మట్టి చేసిన, దీన్ని నోరు జారి పోగొట్టుకోను అన్నది."

అక్క ఒడిలో పడిన ఈనెలన్నీ ఏరి ఒకచోట పెట్టింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"చేటెడేనా?" అంది చివరికి. "గంపెడన్న పొయ్యకపోతిరి."

"గదే ఎక్కువన్నది మీ నాయనమ్మ," అంది చిన్నమ్మ.

ఆ సాయంత్రం మణుగూరు వచ్చాక అక్క కడియాల మూట అడిగి తీసుకుంది. తీయడం కంటే తొడగడం కష్టమైంది. మా ఆవిడ సబ్బు పెట్టి ఒకటి తొడిగింది. రెండోది బొటనవేలి కణుపు దగ్గర ఆగిపోయింది. వాపు తగ్గాక చూద్దామంది అక్క. అప్పుడే మేనకోడలి ఫోన్ వచ్చింది, తేడాలెందుకొచ్చాయో అడుగుతూ రెండు కంపెనీలకూ ఉత్తరం రాయనా అని. అక్క ఫోన్ అందుకుని, నేను తాగిన పాలు వాళ్ళ కాగితంల ఏ గడిల కనపడ్తయో అడుగు బిడ్డా అంది. ఏ గడిలోనూ కనపడవని మేనకోడలు చెప్పింది. అయితే రాయొద్దంది అక్క.

పది రోజుల తరువాత పినపాక అవతల, చిన్నమ్మ గుర్తులు చెప్పిన ఊరికి వెళ్ళాం. అడ్డాకులమ్మే ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె కూతురు ఉంది. ఆనాడు చంకలో ఉన్న పసిపిల్ల. అక్క వయసే, అక్కకంటే గట్టిగా ఉంది. కోడలితో కోయ భాషలో ఏదో చెప్పి మాకు మంచం వేయించింది. మేం ఎందుకొచ్చామో అక్క మొదలుపెట్టగానే, సగంలోనే ఆమెకు తెలిసిపోయింది.

"నువ్వేనా ఆ పిల్లవి. మా అమ్మ నీ ముచ్చట చెప్పని పండగ లేదు. మా నాయన ఎప్పుడూ ఎగతాళి చేసేటోడు, చేటెడు తవుడుకు పిల్లను అమ్ముకొచ్చినవే, ఇంక కొంచెం అడగకపోయినవా అని."

అక్క పగలబడి నవ్వింది. అంతగా నవ్వడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. ఇద్దరూ మంచం మీద దగ్గర దగ్గరగా కూర్చుని, ఎవరి మోకాలు ముందు నొప్పి మొదలైందో చెప్పుకోవడంలో పడ్డారు. నా సంచిలో కాగితాలు చూసి అవేమిటని ఆమె అడిగింది. నాకు తెలిసినంత వరకు చెప్పాను. రెండు కాగితాలనూ తిప్పి చూసి, మా గడి ఏదని అడిగింది.

లేదన్నాను. మాది కూడా మొదటి కాగితంలో లేదనీ, రెండోదాంట్లో ఉన్నా చాలా పెద్ద గడి అనీ, అందులో మీరూ మేమూ ఒకచోటే పడతామేమోననీ చెప్పాను.

"పడితే పడనీ," అని ఆమె కాగితాలు తిరిగిచ్చి, అక్క ఉత్త చెయ్యి పట్టుకుని చూసి, రెండో కడియం ఏదని అడిగింది. ఎక్కలేదని అక్క చెప్పి, రుమాల్లోంచి తీసింది. ఆమె లోపలికి పోయి ఇప్పనూనె తెచ్చి, అక్క వేళ్ళన్నీ ముడిచి పట్టుకుని, కణుపు మీద నూనె రాసి, ఒక్క తోపు తోసింది. కడియం ఎక్కింది.